అవయవ మార్పిడి అయినవాళ్ల చర్మం మీద ఇన్ఫెక్షన్: అపోహలు - వాస్తవాలు

నేను చర్మ వైద్యుణ్ణి. మా ఆసుపత్రిలో కిడ్నీ, లివర్ మార్పిడులు జరుగుతాయి కాబట్టి ఆ వార్డుల నుంచి నాకు పిలుపు రాని వారం ఉండదు. "సార్, పేషెంటుకి కాలి మీద ఏదో వచ్చింది, ఒకసారి చూసిపోండి" అంటారు. ఆ "ఏదో" అన్న మాట నాకు ఇష్టం. ఇంకా ఎవరూ దానికి పేరు పెట్టలేదని అర్థం. చిక్కంతా ముందే ఎవరో పేరు పెట్టేసి, మందు రాసేసి, పదిహేను రోజులయ్యాక నన్ను పిలిచినప్పుడే వస్తుంది. మార్పిడి అయినవాళ్ల చర్మం మామూలు చర్మంలా మాట్లాడదు. పైకి చిన్నగా, నెమ్మదిగా కనిపించేదాని వెనక ప్రాణం మీదకొచ్చేది ఉండొచ్చు. చూపుతో తేల్చేయకుండా చేత్తో తాకి, ముక్క తీసి, అప్పుడు పేరు పెట్టాలి.

ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ 2013లో మొదలయ్యాక మన దగ్గర మార్పిడి చేయించుకుని ఊళ్లకు తిరిగి వెళ్లినవాళ్లు చాలామంది అయ్యారు. పుండో పొక్కో వస్తే వాళ్లు ముందు వెళ్లేది ఊరి డాక్టరు దగ్గరికి, లేదంటే మెడికల్ షాపుకి. అందుకే ఈ రాత పేషెంట్ల కోసం ఎంతో, ఊళ్లో మొదట వాళ్లను చూసే డాక్టర్ల కోసం కూడా అంతే.

అపోహ: "జ్వరం లేదు, నొప్పి లేదు, చీము లేదు. ఇంకేం ఇన్ఫెక్షన్?"

ఎరుపు, వేడి, వాపు, నొప్పి. రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో సెల్సస్ రాసిపెట్టిన నాలుగు గుర్తులివి. ఇప్పటికీ వైద్య విద్యార్థులకు ఇవే మొదటి పాఠం. అయితే ఈ నాలుగూ నేరుగా క్రిమి చేసే పనులు కావు. క్రిమి మీదకు మన ఒళ్లు తిరగబడినప్పుడు పుట్టేవి. రక్తనాళాలు వెడల్పయితే ఎరుపూ వేడీ వస్తాయి. తెల్లకణాలు వచ్చి పోరాడి చనిపోతే అదే చీము. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని తిప్పికొట్టకుండా మేం టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్ ఇస్తాం. ఆ మందులు తిరగబడే శక్తినే తగ్గిస్తాయి. మరి పోరాటమే జరగని చోట పొగ ఎక్కణ్ణుంచి వస్తుంది? జ్వరం విషయమూ అంతే. స్టెరాయిడ్ వాడుతున్న ఒంట్లో లోపల చాలా నడుస్తున్నా థర్మామీటరు తొంభై తొమ్మిది దాటకపోవచ్చు.

ఒక రైతు సంగతి చెబుతాను. భార్య కిడ్నీ ఇచ్చింది. మార్పిడి అయిన రెండేళ్లకు మళ్లీ పొలం పనిలో పడ్డాడు. చీలమండ పక్కన చర్మం కింద చింతగింజంత గడ్డ కనిపించింది. నొప్పి లేదు. నాలుగు నెలల్లో అది నిమ్మకాయంత అయింది. అయినా నొప్పి లేదు. కొవ్వు గడ్డ అని ఒకరన్నారు, నీటి గడ్డ అని ఇంకొకరు. నా దగ్గరికి వచ్చినప్పుడు తాకి చూస్తే పైచర్మం మామూలుగానే ఉంది, గడ్డ మాత్రం వేలికింద కాస్త మెత్తగా కదిలింది. కొవ్వు గడ్డ నాలుగు నెలల్లో అంతగా పెరగదు. "ఎప్పుడైనా ముల్లు గుచ్చుకుందా?" అని అడిగితే లేదన్నాడు. పక్కనున్న భార్య అందుకుంది. "తుమ్మముల్లు దిగలేదూ, కంప కొడుతున్నప్పుడు? పిన్నీసుతో నేనే తీశా." అది ఏడాది కిందటి మాట.

సూదితో లాగితే చిక్కటి, గోధుమరంగు చీము వచ్చింది. ఒక బొట్టు గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టాను. గోధుమరంగు దారాలు, మధ్యమధ్యలో పూసల్లా ఉబ్బి కనిపించాయి. మట్టిలో, ఎండుకట్టెల్లో, ముళ్ల మీద బతికే ఫంగస్ అది. దాని కణం గోడలోనే మెలనిన్ ఉంటుంది, అందుకే ఆ రంగు. ఫియోహైఫోమైకోసిస్ అంటాం. వేలూరు సీఎంసీ లాంటి చోట్ల కిడ్నీ మార్పిడి పేషెంట్లలో దీన్ని తరచుగా చూసి రాశారు. దక్షిణాదిన చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే కాళ్లకు ఇది కొత్త జబ్బేమీ కాదు. సర్జన్ గడ్డను పూర్తిగా తీసేశాడు. నెలల తరబడి ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు వాడాం. ఆ మందుతో ఒక పెద్ద పేచీ ఉంది, కిందకొచ్చాక చెబుతాను.

ఇదే తీరులో నొప్పిలేని గడ్డలుగా వచ్చేవి ఇంకా ఉన్నాయి. నోకార్డియా అనే బ్యాక్టీరియా చర్మం మీద చిన్న గడ్డగా కనబడుతుంది, అప్పటికే ఊపిరితిత్తుల్లోనూ మెదడులోనూ ఉండొచ్చు. అందుకే చర్మంలో నోకార్డియా దొరికితే ఛాతీకి, తలకు స్కాన్ తీయకుండా పంపను. క్షయ కూడా చల్లగడ్డగా, అంటే వేడీ నొప్పీ లేని చీముగడ్డగా, రావొచ్చు. చేపల తొట్టి కడిగేవాళ్లకు, చెరువుల్లో దిగేవాళ్లకు చేతి వేలి మీద మొదలై, మోచేయి దాకా దారానికి గుచ్చిన పూసల్లా వరసగా గడ్డలొస్తే క్షయ క్రిమి జాతిదే అయిన మైకోబ్యాక్టీరియం మెరైనమ్‌ని గుర్తుచేసుకోవాలి. అది 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. ఆ మాట ల్యాబుకి చెప్పకపోతే వాళ్లు అలవాటుగా 37 దగ్గర పెడతారు, రిపోర్టులో ఏమీ పెరగలేదని వస్తుంది.

అపోహ: "ఎర్రబడితేనే ఇన్ఫెక్షన్."

పుస్తకాల్లో ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్ల చర్మానివి. మన చామనఛాయ మీద, నల్లటి ఒంటి మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. ముదురు గోధుమగా, ఊదాగా, ఒక్కోసారి బూడిదరంగులో, కాస్త నిగనిగలాడుతూ కనిపిస్తుంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు "కందలేదు సార్" అని రాసిన కాలే నేను పట్టుకుంటే కాలుతున్న సందర్భాలున్నాయి. అరచేతికన్నా చేతి వెనకభాగానికి వేడి బాగా తెలుస్తుంది. రెండు కాళ్లనూ ఒకేసారి చేతుల వెనకవైపుతో తాకి పోల్చండి. చర్మం బిగిసిందా, నారింజ తొక్కలా గుంటలు పడిందా చూడండి. చిన్న చుక్కలుంటే గాజు గ్లాసు పక్కభాగంతో నొక్కి, గాజులోంచి చూడండి. నొక్కినా రంగు పోకపోతే చర్మం కింద రక్తం చిమ్మిందని అర్థం. ఆ పేషెంటుని ఇంటికి పంపకూడదు.

అపోహ: "కాలు వాచి ఎర్రబడింది, సెల్యులైటిస్. యాంటీబయాటిక్ పడితే తగ్గుతుంది."

సెల్యులైటిస్ అంటే చర్మం లోపలి పొరల్లో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. చాలాసార్లు యాంటీబయాటిక్‌తో నిజంగానే తగ్గుతుంది. తగ్గనప్పుడు ఏం చేస్తామన్నదే ముఖ్యం. రెండు మూడు రోజులకు మార్పు లేకపోతే ఇంకా గట్టి యాంటీబయాటిక్, అదీ పనిచేయకపోతే ఇంకో గట్టిది. అలా మెట్లెక్కుతూ పోయి పేషెంటును పోగొట్టుకోవడం నేను చూశాను. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ అచ్చం సెల్యులైటిస్ వేషంలో వస్తుంది. తొడ మీదో, పిక్క మీదో ఎర్రగా, వేడిగా, నొప్పిగానే ఉంటుంది. ఏ యాంటీబయాటిక్కూ దానికి తగలదు. ముక్క తీసి చూస్తే గుండ్రటి ఈస్ట్ కణాలు, వాటి చుట్టూ మందమైన జిగురు పొర కనబడతాయి. చర్మంలో క్రిప్టోకాకస్ దొరికిందంటే తలనొప్పి లేకపోయినా వెన్నులో నీరు తీసి పరీక్షించాల్సిందే. ఆ ఫంగస్‌కి ఇష్టమైన చోటు మెదడు పొరలు. పావురాల రెట్టల్లో అది ఉంటుంది. అందుకే బాల్కనీలో పావురాలు గూళ్లు పెట్టాయా అని నేను పేషెంట్లను అడుగుతుంటాను. ఉంటే ఆ బాల్కనీ కడగడం ఇంట్లో వేరేవాళ్లు చూసుకోవాలి, అదీ మాస్కు పెట్టుకుని, ముందు నీళ్లు చల్లి.

క్రిప్టోకాకస్ ఇంకో వేషంలోనూ వస్తుంది. ముఖం మీద చిన్న చిన్న పొక్కులు, నడుమ బొడ్డులా గుంట. చూడగానే పిల్లలకొచ్చే మొలస్కం అనిపిస్తుంది. మార్పిడి అయిన పెద్దవాడి ముఖం మీద మొలస్కంలా కనిపించేవి పదిపదిహేను ఒకేసారి లేస్తే, గిల్లి తీసేసే ముందు ఒకదాన్నయినా పరీక్షకు పంపండి.

అపోహ: "నల్ల పక్కు కట్టిందంటే పుండు మానుతోందన్నమాట."

మామూలు మనిషికి మోకాలు గీరుకుంటే ఈ మాట నిజమే. మార్పిడి అయినవాళ్లలో, ముఖ్యంగా జ్వరంతో పాటు నల్ల పక్కు కనబడితే అది ఆ రోజే తేల్చుకోవాల్సిన విషయం.

గజ్జలోనో, చంకలోనో, పిరుదు మీదో ఎర్ర మచ్చగా మొదలై, బొబ్బయి, ఒక్క రోజులోనే నల్లగా మారి చుట్టూ ఎర్ర అంచు కట్టిందంటే రక్తంలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉందేమోనని చూడాలి. సెలైన్ సూది పెట్టిన చోట, ప్లాస్టరు అంటించిన చోట చర్మం నల్లబడి గంటగంటకూ పాకుతుంటే మ్యూకర్. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ అని అందరూ విన్నది దీని గురించే. నిజానికి ఆ ఫంగస్ నల్లగా ఉండదు. అది రక్తనాళాల్లోకి చొరబడి వాటిని పూడ్చేస్తుంది. రక్తం అందక చచ్చిన కండ రంగే ఆ నలుపు. పైన చెప్పిన ముల్లు ఫంగస్ నిజంగా నల్లజాతిది, అయినా నిదానంగా పోతుంది. మ్యూకర్ విషయంలో నిదానం అన్న మాటే లేదు. సర్జన్ కత్తి, యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు రెండూ వెంటనే కావాలి. ఫంగస్ కదా అని వోరికొనజోల్ మొదలుపెడితే మ్యూకర్ మీద అది పనిచేయదు.

మూడోది స్క్రబ్ టైఫస్, పొదల్లో ఉండే సన్న పురుగు కుడితే వచ్చే జ్వరం. చిత్తూరు వైపు నుంచి, వానాకాలం వెళ్లాక జ్వరంతో వచ్చినవాళ్ల గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద సిగరెట్టు చురకలాంటి, నొప్పిలేని నల్ల పక్కు కోసం వెతకాలి. పేషెంటు దాన్ని చెప్పడు, తెలియదు కాబట్టి. బట్టలు తీయించి చూడాలి. దొరికితే డాక్సీసైక్లిన్‌తో బయటపడతారు.

అపోహ: "ఇవి స్టెరాయిడ్ మొటిమలే, వాటంతట అవే పోతాయి."

సగం నిజం. ప్రెడ్నిసలోన్ డోసు ఎక్కువగా ఉన్న మొదటి నెలల్లో వీపు మీద, ఛాతీ మీద ఒకే సైజులో మొటిమలొస్తాయి. వాటికి దురద ఉండదు. బాగా దురదపెడుతున్నాయంటే వెంట్రుక కుదుళ్లలో మలసేజియా పెరుగుతోందని అనుమానించండి. శోభి మచ్చలు తెచ్చేదీ అదే. మొటిమల మందులు ఎన్ని రాసినా అవి తగ్గవు, యాంటీఫంగల్‌కి తగ్గుతాయి.

అపోహ: "తామరే కదా, షాపులో క్రీము తెచ్చుకుంటే సరి."

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. తప్పించగలిగిన నష్టం కాబట్టి.

షాపులో ఇచ్చే ఆ క్రీములో క్లోబెటాసాల్ అనే గట్టి స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్ కలిపి ఉంటాయి. రాసిన రెండో రోజుకు దురద పోతుంది. తామర మాత్రం పోదు. దాని అంచు చెరిగిపోయి, చూస్తే తామరని గుర్తుపట్టలేని స్థితికొస్తుంది, లోలోపల పాకుతుంది. పైగా ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న తామర పాతది కాదు. దాన్ని తెచ్చే ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది. దానిలో చాలా రకాలకు, తామరకి మామూలుగా ఇచ్చే టెర్బినాఫిన్ పనిచేయదు. అసలే రోగనిరోధక శక్తి తక్కువున్న ఒంటి మీద, స్టెరాయిడ్ క్రీము పూసి, మందుకు లొంగని ఫంగస్‌ని పెంచుతున్నామన్నమాట.

క్రీముతో తగ్గకపోతే తర్వాతి మెట్టు మాత్ర. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఒకాయన నా గదిలోకి వచ్చి కూర్చుని, టేబులు మీద చేయి పెట్టాడు. వేళ్లు వణుకుతున్నాయి. "రెండు రోజులుగా టీ గ్లాసు పట్టుకోలేకపోతున్నా డాక్టరుగారూ, ఒలికిపోతోంది" అన్నాడు. ఆయన వచ్చింది తామర కోసం. జేబులోంచి తీసిన అట్టలో ఇట్రాకొనజోల్ గొట్టాలు పద్నాలుగు అయిపోయి ఉన్నాయి. ఊళ్లో ఇచ్చారు. ఇచ్చినవాళ్లు ఏం మందులు వాడుతున్నావని అడగలేదు, ఈయన చెప్పలేదు. నేను తామర చూడటం ఆపి, అదే గంటలో టాక్రోలిమస్ లెవెల్‌కి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌కి రక్తం పంపాను. రెండూ బాగా పెరిగిపోయి ఉన్నాయి. ఆ కిడ్నీ నిలబడింది గానీ కోలుకోవడానికి వారాలు పట్టింది.

జరిగిందేమిటంటే, టాక్రోలిమస్‌ని, సైక్లోస్పోరిన్‌ని ఒళ్లు అరగదీసేది పేగుల్లోనూ కాలేయంలోనూ ఉండే సీవైపీ3ఏ4 అనే ఎంజైముతో. ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్, వోరికొనజోల్, కీటోకొనజోల్ మాత్ర, యాంటీబయాటిక్కుల్లో ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ ఆ ఎంజైముకి అడ్డుపడతాయి. అప్పుడు టాక్రోలిమస్ అరగక రక్తంలో పోగుపడి, కాపాడాల్సిన కిడ్నీనే దెబ్బతీస్తుంది. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ దీనికి తలకిందులు. ఎంజైముని పెంచేసి టాక్రోలిమస్ లెవెల్‌ని పడగొడుతుంది, ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టే ప్రమాదం వస్తుంది. తిండిలో పంపరపనస కూడా లెవెల్ పెంచుతుంది, మార్పిడి అయినవాళ్లు దాని జోలికి పోవద్దు.

అంటే ఇట్రాకొనజోల్ ఇవ్వకూడదా? ఇస్తాం. ఆ రైతుకి నెలలపాటు ఇచ్చాం. మొదలుపెట్టే రోజే కిడ్నీ డాక్టరుతో (నెఫ్రాలజిస్టుతో) మాట్లాడి టాక్రోలిమస్ డోసు తగ్గించి, లెవెల్ మళ్లీ మళ్లీ చూస్తూ ఇస్తాం. చాలామంది మరిచేది ఇంకోవైపు. ఇట్రాకొనజోల్ ఆపాక, లెవెల్ చూసుకుంటూ, తగ్గించిన టాక్రోలిమస్ డోసుని మళ్లీ పెంచాలి. లేదంటే ఫంగస్ పోయిందన్న సంతోషంలో ఉండగానే కిడ్నీ మీద దాడి మొదలవుతుంది.

అపోహ: "సర్పికి ఇంగ్లీషు మందు వద్దు. తలా తోకా కలవకుండా కావి పూస్తే చాలు."

నడుం చుట్టూ పాములా పాకుతుందని, తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మన ఊళ్లలో అంటారు. ఆ భయంలో ఒక చిన్న నిజముంది. సర్పి మామూలుగా ఒంటికి ఒక పక్కనే, ఒక నరం దారిలోనే వస్తుంది. నడిగీత దాటి రెండో పక్కకి వెళ్లిందంటే, రెండు మూడు చోట్ల లేచిందంటే ఆ ఒంట్లో నిరోధక శక్తి బాగా తగ్గిందని అర్థం. మార్పిడి అయినవాళ్లలో అదే జరుగుతుంది. మొదట వచ్చిన పట్టీకి, దాని పక్క పట్టీలకి దూరంగా ఇరవైకి మించి నీటి పొక్కులు కనిపిస్తే వైరస్ రక్తంలో పడి ఒళ్లంతా పాకిందని లెక్క. ఊపిరితిత్తులకి, కాలేయానికి చేరొచ్చు. అప్పుడు ఆసుపత్రిలో చేర్చుకుని నరానికి అసైక్లోవిర్ ఎక్కిస్తాం. డోసు కిడ్నీ పనితీరును బట్టి, సెలైన్ బాగా పోస్తూ ఇవ్వాలి. లేకుంటే ఆ మందే కిడ్నీలో స్ఫటికాలుగా పేరుకుంటుంది.

మామూలు వాళ్లకు 72 గంటల్లోపు మందు మొదలుపెట్టాలంటాం. మార్పిడి అయినవాళ్లకు ఆ గడువు చూసి వెనక్కి పంపకండి. కొత్త పొక్కులు ఇంకా వస్తుంటే ఐదో రోజైనా మొదలుపెట్టాలి. ముక్కు కొన మీద ఒక్క పొక్కు లేచినా అదే రోజు కంటి డాక్టరుకి చూపించండి, కంటికి వెళ్లే నరం కొమ్మే ముక్కు కొనకీ వస్తుంది. ఇంకో మాట ఎమర్జెన్సీలో ఉండే డాక్టర్లకి: మార్పిడి అయిన మనిషి భరించలేని కడుపునొప్పితో వచ్చి, స్కాన్‌లో ఏమీ లేకపోతే చర్మాన్ని రోజూ చూడండి. పొక్కులు తర్వాత బయటపడొచ్చు.

ఆటలమ్మ కూడా ఈ వైరస్సే. ఇంట్లో పిల్లవాడికి పోస్తే "అమ్మవారు కదా, మందు వేయకూడదు" అంటూ వేపాకు కట్టి కూర్చునే ఇళ్లున్నాయి. పూజ మీ నమ్మకం, దాన్ని నేను కాదనను. ఆ ఇంట్లో మార్పిడి అయినవాళ్లుంటే, వాళ్లకి చిన్నప్పుడు ఆటలమ్మ పోయకపోతే, పొక్కులు వచ్చేదాకా ఆగకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. తాకిడి జరిగిన పది రోజుల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చే వీలుంటుంది. ఇంట్లో పిల్లలకి ఆటలమ్మ టీకా వేయించొచ్చు. మార్పిడి అయినవాళ్లకి మాత్రం బతికున్న వైరస్‌తో చేసే ఆ టీకా వేయకూడదు. సర్పికి 2023లో మన దేశంలోకి వచ్చిన కొత్త టీకాలో బతికున్న వైరస్ లేదు. దాని గురించి మీ డాక్టరుని అడగండి.

అపోహ: "దురద లేకపోతే గజ్జి కాదు."

మామూలు గజ్జిలో ఒంటి మీద పదో పదిహేనో పురుగులుంటాయి, దురదతో నిద్ర పట్టదు. మార్పిడి అయినవాళ్లలో వేలు, లక్షలు పెరిగినా దురద పెద్దగా ఉండకపోవచ్చు. వేళ్ల సందుల్లో, అరచేతుల్లో, గోళ్ల కింద సున్నం పెచ్చుల్లా పొర కడుతుంది. సోరియాసిస్ అనుకుని స్టెరాయిడ్ రాస్తే ఇంకా పెరుగుతుంది. వార్డులో ఇలాంటి ఒక్కరున్నా నర్సులకి, అటెండర్లకి గజ్జి మొదలవుతుంది. చాలాసార్లు నాకు ముందు దొరికేది ఆ ఆధారమే.

అపోహ: "ముక్క పరీక్ష చేస్తే పుండు మానదు, ఇన్ఫెక్షన్ పాకుతుంది."

ఇంట్లోవాళ్లు చేతులు పట్టుకుని బతిమాలతారు. "కొత్త కిడ్నీ పెట్టినవాడు సార్, కోయకండి" అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. నేను తీసే ముక్క నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు, పెన్ను రీఫిల్‌కన్నా కొంచెం లావు. మత్తు సూది, రెండు కుట్లు, పది నిమిషాలు. స్టెరాయిడ్ వల్ల గాయం మానడానికి కాస్త ఎక్కువ రోజులు పడుతుంది, కుట్లు ఆలస్యంగా విప్పుతాం, అంతే. దానికి బదులు ఊహించి వేసే మందు తప్పయితే పోయేవి వారాలు.

ఎలా తీశామన్నది కూడా తేడా చేస్తుంది. పైపైన గీరితే లోపలి ఫంగస్ దొరకదు, కొవ్వు దాకా దిగాలి. తీసినది రెండు ముక్కలు చేయాలి. ఒకటి ఫార్మలిన్‌లో, మైక్రోస్కోపు కోసం. రెండోది ఉత్త సెలైన్‌లో, కల్చర్ కోసం, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూడటానికి. నేను పీజీ చేసే రోజుల్లో, ఒక రాత్రి డ్యూటీలో, రెండూ ఒకే ఫార్మలిన్ డబ్బాలో వేశాను. ఫార్మలిన్‌లో పడ్డాక ఏ క్రిమీ బతకదు, కల్చర్‌లో ఏదీ పెరగదు. నాలుగు రోజుల తర్వాత ల్యాబు ఫోన్ చేస్తే గానీ తప్పు తెలియలేదు. ఆవిడ తొడ మీద మళ్లీ కోశాం. ఆ నాలుగు రోజుల్లో పుండు అరచేతి వెడల్పు పెరిగింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి నా ట్రేలో రెండు డబ్బాలు లేకుండా బ్లేడు పట్టను. డబ్బాల మీద నేనే రాస్తాను, ల్యాబు చీటీ మీద "కిడ్నీ మార్పిడి అయిన పేషెంటు. ఫంగస్, క్షయ, నోకార్డియా చూడండి. కల్చర్ ప్లేట్లు త్వరగా పారేయకండి" అని కూడా రాస్తాను. ఫంగస్‌కి నాలుగు వారాలు, క్షయకి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. అడగకపోతే రెండు రోజులకే రిపోర్టు ఇచ్చేస్తారు.

అపోహ: "ఆరు నెలలు గడిస్తే గండం గడిచినట్టే."

మొదటి నెలలో ఎక్కువగా ఆపరేషన్ గాయం, ఆసుపత్రి క్రిములు, పెదవి మీద హెర్పీస్. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య మందుల ప్రభావం గట్టిగా ఉంటుంది కాబట్టి అరుదైనవన్నీ అప్పుడు రావొచ్చు. ఆరు నెలల తర్వాత జోరు తగ్గుతుంది, భయం పూర్తిగా పోదు. ముల్లు ఫంగస్, క్రిప్టోకాకస్ ఏళ్ల తర్వాతే ఎక్కువగా వస్తాయి. ఇంకొకటి, మధ్యలో ఎప్పుడైనా రిజెక్షన్ వచ్చి, అంటే ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టి, గట్టి మందులు ఎక్కించారంటే గడియారం మళ్లీ మొదటికి వచ్చినట్టే. అందుకే "మార్పిడి ఎప్పుడైంది?" అన్న ప్రశ్న వెంటనే "ఆ తర్వాత రిజెక్షన్‌కి ఏమైనా ఇంజెక్షన్లు చేశారా?" అని కూడా అడగాలి.

పులిపిర్ల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందికి పదులకొద్దీ వస్తాయి, ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. వాటిలో ఒకటి గట్టిపడి, నొప్పి పుట్టి, రక్తం కారుతుంటే, లేదా కింది పెదవి మీద మానని పుండు ఉంటే క్యాన్సరేమో చూడాలి. కాళ్ల మీద ఊదారంగు మచ్చలు లేస్తే కూడా చూపించండి.

అపోహ: "ఇన్ఫెక్షన్ వచ్చింది కాబట్టి మార్పిడి మందులు ఆపేస్తే ఇమ్యూనిటీ వచ్చి అదే పోతుంది."

దయచేసి ఇది మాత్రం చేయకండి. డోసు తగ్గించాల్సిన సందర్భాలు ఉంటాయి. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది మార్పిడి డాక్టరు తేలుస్తారు. చాలాసార్లు ముందు మైకోఫెనోలేట్ తగ్గిస్తారు. ప్రెడ్నిసలోన్ ఏళ్లుగా వేసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి స్పృహ తప్పొచ్చు. క్రిప్టోకాకస్‌లో మందులన్నీ ఒకేసారి తీసేస్తే నిరోధక శక్తి ఉప్పెనలా తిరిగొచ్చి మెదడు వాపు తేవొచ్చు, కిడ్నీ కూడా పోవచ్చు.

అపోహ: "వాట్సాప్‌లో ఫొటో పంపితే డాక్టరు చెప్పేస్తారు."

పంపండి, వద్దనను. దూరంగా ఉన్నవాళ్లకి అదే మొదటి మెట్టు. ఫొటోలో వేడి తెలియదు, గట్టిదనం తెలియదు, లోతు అసలే తెలియదు. అందుకని పంపేటప్పుడు పగటి వెలుతురులో, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, ఒకటి దగ్గర్నుంచి, ఒకటి దూరం నుంచి తీయండి. ఎన్ని రోజులైంది, ముల్లు గానీ గాయం గానీ తగిలిందా, ఇప్పటిదాకా ఏం పూశారు, ఆకుపసరైనా సరే రాయండి. టాక్రోలిమస్ డోసు, ఆఖరి లెవెల్, క్రియాటినిన్ చీటీ ఫొటో కలపండి. తర్వాత బాల్‌పెన్నుతో పుండు అంచు చుట్టూ చర్మం మీదే గీత గీసి, పక్కన టైము వేయండి. పొద్దుటికల్లా ఎరుపో నలుపో ఆ గీత దాటిందంటే నా జవాబు కోసం ఎదురుచూడకుండా బయలుదేరి వచ్చేయండి.